పసుపు రిబ్బను మీద ఒక్క నీలి గీత

ఏటా గణతంత్ర దినోత్సవం ముందురోజు సాయంత్రం సైనిక పురస్కారాల జాబితా వెలువడుతుంది. మర్నాడు పత్రికల్లో శౌర్య పతకాలు పొందినవారి గురించి నాలుగు మాటలైనా ఉంటాయి. ఏ కొండ మీద, ఏ రాత్రి ఏం జరిగిందో ప్రభుత్వమే ప్రశంసాపత్రంలో రాసి ఇస్తుంది కాబట్టి విలేకరికి చెప్పడానికి కథ దొరుకుతుంది. అదే జాబితాలో మరోచోట పరమ విశిష్ట సేవా పతకం వచ్చిన లెఫ్టినెంట్ జనరళ్లు, వైస్ అడ్మిరళ్లు, ఎయిర్ మార్షళ్ల పేర్లు బారుగా ఉంటాయి. పేరు, హోదా, పతకం. మామూలుగా అంతకు మించి ఒక్క వాక్యం కూడా ఉండదు. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఆ మనిషి దేశం కోసం ఏం ఆలోచించాడో, ఆయన రాసిన ఏ కాగితం ఏ సరిహద్దు తీరు మార్చిందో జనానికి తెలియదు. ఆ ఖాళీ నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ఆ పతకాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. 35 మిల్లీమీటర్ల బిళ్ల, బంగారు పూత, ముందువైపు అయిదు కోణాల నక్షత్రం. రిబ్బను పసుపుపచ్చ, నడిమధ్య ఒక్క ముదురు నీలం గీత. అతి విశిష్ట సేవా పతకానికి రెండు గీతలు, విశిష్ట సేవా పతకానికి మూడు. మెట్టు పెరిగేకొద్దీ గీతలు తగ్గుతాయి. 1960లో ఒకే పతకానికి మూడు తరగతులుగా మొదలై, 1967లో ఇప్పుడున్న పేర్లు తెచ్చుకుంది ఈ వరస. ధైర్యసాహసాలతో దీనికి పనిలేదు. అసాధారణమైన సేవ చేశాడన్నది ఒక్కటే కొలమానం. సేవ అన్న ఆ మాట చాలా పెద్ద సంచి. అందులో ఒక కోర్‌ను సమర్థంగా నడిపినవాడు పడతాడు, ఆస్పత్రులను చక్కదిద్దినవాడు పడతాడు, పాతికేళ్ల తర్వాత సైన్యం ఎలా ఉండాలో గీసి ఇచ్చినవాడూ పడతాడు. బయటినుంచి చూసేవాడికి ముగ్గురూ ఒకటే పసుపు రిబ్బను.

మూడో రకం మనిషి గురించే ఇక్కడ నా పట్టింపు. రక్షణ విధానాన్ని ముందుచూపుతో రూపొందించిన సేనానిని మన దేశం ఎలా గౌరవించింది, ఎక్కడ తప్పింది అని వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. మనిషికి దండ వేశాం, ఆయన కాగితాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాం.

ముందు ఆ పని ఎలాంటిదో చెప్పాలి. వ్యూహరచన అనగానే పటం మీద బాణాలు గీయడం అనుకుంటాం. ఆ బాణాల వంతు చివర్లో వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత శత్రువు చేతిలో ఏ ఆయుధం ఉంటుంది, దానికి మన ట్యాంకు తట్టుకుంటుందా, ఆ ట్యాంకు వెంట నడిచే సిపాయి దేనిలో ప్రయాణం చేయాలి, ఆ బండిని ఎవరు తయారు చేయాలి, దానికి డబ్బు ఏ పద్దు నుంచి రావాలి, అది వెళ్లే వంతెన ఎంత బరువు మోయాలి... ఇలాంటి ప్రశ్నలకు జవాబులు కూర్చడమే అసలు పని. ఫలితం కనిపించేనాటికి రాసినవాడు పింఛను తీసుకుంటూ ఉంటాడు. ఫలానా యుద్ధం రాకుండా ఆగిపోయిందంటే అది ఆయన పుణ్యమేనని రుజువు చేయడం కుదరదు. అందుకే ఈ సేవ పతకాల పద్ధతికి సరిగ్గా చిక్కదు.

చిక్కనప్పుడు ఏమవుతుందో లెఫ్టినెంట్ జనరల్ ఎస్.పి.పి.థొరాట్ విషయంలో చూశాం. 1957 నుంచి 1961 దాకా ఆయన తూర్పు కమాండ్ అధిపతి. అప్పట్లో ఆ కమాండ్ కేంద్రం లక్నో. ఈశాన్య సరిహద్దు, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్, చైనా నుంచి దాడి వస్తే ఎలా కాపాడుకోవాలో 1959 అక్టోబరులో ఒక పత్రం రాశారు. సరిహద్దు గీత మీదే గట్టిగా నిలబడి పోరాడటం మన రోడ్లతో, మన సరఫరాతో సాధ్యం కాదు, అక్కడ చిన్న ఠాణాలు ఉంచి, అసలు రక్షణ రేఖను వెనక్కి, మనకు సామాను చేరగలిగే చోటికి తీసుకురావాలి, శత్రువు లోపలికి వచ్చేకొద్దీ అతడి సరఫరా దారి సాగిపోయి బలహీనపడతాడు అన్నది దాని సారం. 1960 మార్చిలో లక్నోలో ‘లాల్ ఖిలా’ పేరుతో అభ్యాసం నిర్వహించి దాన్ని పరీక్షించారు కూడా. సైన్యాధిపతి తిమ్మయ్య ఆ పత్రాన్ని రక్షణ మంత్రి కృష్ణ మీనన్ దగ్గరికి పంపారు. ఆయన దాన్ని పక్కన పెట్టారు. థొరాట్ 1961లో ఉద్యోగ విరమణ చేశారు. 1962లో చైనాతో యుద్ధంలో జరిగింది మనకు తెలుసు. యుద్ధం వచ్చాక నెహ్రూ ఆయనను పిలిపించి, ఈ పత్రం తనకెందుకు చూపలేదని అడిగినట్టు థొరాట్ తన ఆత్మకథలో రాసుకున్నారు. తర్వాత జాతీయ రక్షణ మండలిలో సభ్యత్వమూ ఇచ్చారు. గౌరవానికి కొదవ లేదు. గౌరవం అందిన వేళ మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. ఆ మనిషికి అప్పుడు కావలసింది ఆ పత్రం చదివి, తప్పుంటే తప్పని చెప్పే ఒక్క సమావేశం.

1971 బంగ్లాదేశ్ యుద్ధం దీనికి బొత్తిగా ఎదురు. ఏప్రిల్‌లో మంత్రిమండలి తొందరపడితే, వానలు రానున్నాయి, నదులు పొంగుతాయి, ఉత్తరాన కనుమల్లో మంచు పడేదాకా ఆగితే చైనా వైపు నుంచి భయం తగ్గుతుంది అని చెప్పి సైన్యాధిపతి మానెక్‌షా గడువు అడిగారు. ఈ కథ ఆయన నోటనే దేశమంతా విన్నది. ప్రభుత్వం విన్నది, గడువు ఇచ్చింది. 1972లో పద్మవిభూషణ్, 1973 జనవరి 1న ఫీల్డ్ మార్షల్ హోదా. అర్హత గురించి మాటే లేదు. ఆ గడువులో పటాలను, రైళ్లను, మందుగుండును లెక్కకట్టిన వాళ్లెందరు మనకు గుర్తున్నారు? సైనిక కార్యకలాపాల డైరెక్టరేట్‌ను మొదట కె.కె.సింగ్, తర్వాత ఇందర్ గిల్ నడిపించారు. తూర్పు కమాండ్‌లో జె.ఎఫ్.ఆర్.జేకబ్ ప్రధాన సిబ్బంది అధికారి. ఢాకాయే లక్ష్యమని మొదటినుంచీ పట్టుబట్టింది తానేనని జేకబ్ 1997లో పుస్తకమే రాశారు. కాదన్న వాళ్లూ ఉన్నారు. ఈ వాదం ఎందుకు తేలదు? నాటి కాగితాలు బయటికి రాలేదు కాబట్టి. ప్రభుత్వం రాయించిన 1971 యుద్ధ చరిత్ర 1992కే సిద్ధమైంది. జనం దాన్ని చూసింది 2000లో, అదీ ఒక పత్రిక ఇంటర్నెట్‌లో పెట్టేస్తే. కాగితం మూసి ఉంచితే ఘనత కోసం పెనుగులాట తప్పదు, గొంతు ఉన్నవాడి మాట చరిత్ర అవుతుంది, గొంతెత్తని వాడి పని మట్టిలో కలుస్తుంది.

ఈ ప్రశ్నకు తెలుగు పాఠకుడికి అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ జనరల్ కె.వి.కృష్ణారావు. 1923లో పుట్టిన ఈ తెలుగువాడు 1942లో సైన్యంలో చేరి, మహర్ రెజిమెంట్ అధికారిగా బర్మా యుద్ధరంగం చూశారు. 1971లో ఎనిమిదో పర్వత డివిజన్‌కు అధిపతిగా సిల్హెట్ వైపు నడిచారు. ఆ డివిజన్‌లోని గూర్ఖా పటాలం ఒకటి డిసెంబరు 7న హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దిగింది. మన సైన్యం పటాలాన్ని అలా గాల్లోంచి దించి పోరాడటం అదే మొదలు. తమకంటే ఎన్నో రెట్లు ఉన్న దండుకు ఎదురుగా, లొంగుబాటు దాకా వాళ్లక్కడే నిలిచారు. పరమ విశిష్ట సేవా పతకం కృష్ణారావు ఛాతీ మీదికి వచ్చింది. ఆయన గురించి చెప్పేవాళ్లు సాధారణంగా సిల్హెట్ చెబుతారు, 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతిగా ఉన్నారని చెబుతారు, ఆపైన నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, జమ్మూకశ్మీర్ గవర్నర్‌గిరీ చెబుతారు. నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని వీటిలో లేదు.

అది 1975 నాటి నిపుణుల సంఘం. అప్పుడాయన లెఫ్టినెంట్ జనరల్. సభ్యుల్లో సుందర్జీ, ఛిబ్బర్ ఉన్నారు, ఇద్దరూ మేజర్ జనరళ్లు. సుందర్జీ తర్వాత సైన్యాధిపతి అయ్యారు, ఛిబ్బర్ ఉత్తర కమాండ్ అధిపతిగా 1984లో సియాచిన్ మీదికి మన బలగాలను పంపారు. రాబోయే పాతికేళ్లకు, అంటే 2000 సంవత్సరం దాకా, భారత సైన్యం ఎలా ఉండాలో చెప్పమన్నది వాళ్లకు ఇచ్చిన పని. 1973లో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లు. భుజాన క్షిపణి పెట్టుకున్న పదాతి సిపాయి ట్యాంకును నిలువునా తగలబెట్టగలడని అక్కడ ప్రపంచమంతా చూసింది. వెంట పదాతి దళం లేని ట్యాంకు ఒంటరిది. లారీలో వచ్చే సిపాయి పంజాబ్, రాజస్థాన్ మైదానాల్లో ట్యాంకుతో సమానంగా పరుగెత్తలేడు. అందుకే మైదాన ప్రాంత బలగాల్లో యాంత్రీకరణ అన్నది ఆ సంఘం ఆలోచనల్లో ముఖ్యమైంది. పోరాడే చేతులకూ వెనక ఉండి వండిపెట్టే, మోసే, రాసే చేతులకూ మధ్య దామాషా సరిచేయడం మరొకటి.

కాగితం మీద ఇవి పొడి మాటలు. నేల మీదికి ఎలా దిగాయో చూద్దాం. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ పుట్టింది. పాత రెజిమెంట్ల నుంచి పేరున్న పటాలాలను ఏరి దానిలో కలిపారు. శతాబ్దాల చరిత్ర ఉన్న మద్రాస్ రెజిమెంట్ మొదటి పటాలం దీనిలో మొదటి పటాలం అయింది. వంశం పేరు మార్చుకుని దత్తత వెళ్లినట్టు. సిపాయికి రెజిమెంట్ అంటే ఇంటిపేరు, అది వదులుకోవడం చిన్న విషయం కాదు. వాళ్ల కింద రష్యా నమూనా బీఎంపీ వచ్చింది. గొలుసు చక్రాల మీద నడిచే కవచ వాహనం అది. బీఎంపీ-2లో బండి నడిపేవాడు, కమాండర్, గన్నర్ పోగా ఏడుగురు సిపాయిలు లోపల కూర్చుంటారు. బీఎంపీ-2కు 30 మిల్లీమీటర్ల ఫిరంగి, పైన ట్యాంకును కొట్టే క్షిపణి. నదిలో దిగితే ఈదుతుంది. వెనక తలుపు తెరిస్తే సిపాయిలు నేరుగా పోరులోకి దూకుతారు.

ఆ బండిని ఇక్కడే తయారు చేయాలనుకున్నారు. 1984లో అప్పటి మెదక్ జిల్లా యెద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టారు. ‘సారథ్’ అన్న మన పేరుతో బీఎంపీ-2 అక్కడి నుంచే బయటికి వస్తుంది. దాని నెత్తిన కూర్చునే కొంకుర్స్ క్షిపణి భారత్ డైనమిక్స్ వాళ్లది. ఆ సంస్థకు భానూరులో ఒక కర్మాగారం ఉంది, అదీ ఆ చుట్టుపక్కలే. చుట్టూ జొన్న చేలున్న ఊరికి క్వార్టర్లు వచ్చాయి, బడి వచ్చింది, ఎందరో వెల్డర్లు, ఫిట్టర్లు, మెషినిస్టులు ఆ కర్మాగారం జీతంతో పిల్లలను చదివించుకున్నారు. జనవరి 26 కవాతులో సారథ్ బండ్లు గడగడలాడుతూ పోతుంటే చప్పట్లు కొడతాం. ఆ చప్పుడు 1975లో కొందరు అధికారులు బల్ల చుట్టూ కూర్చుని చేసిన ఆలోచన నుంచి వచ్చిందని, ఆ బల్లకు అధ్యక్షుడు మన మనిషని ఏ వ్యాఖ్యాతా చెప్పగా నేను వినలేదు. ఒక్క సంఘం నివేదిక వల్లే ఇదంతా జరిగిందని అనను. రష్యాతో స్నేహం ఉంది, రాజకీయ నిర్ణయం ఉంది, తర్వాత వచ్చిన సుందర్జీ పట్టుదల ఉంది. ఆ రెజిమెంట్‌కు పితామహుడని సైన్యం చెప్పుకునేదీ ఆయననే. అయినా విత్తనం ఎక్కడ పడిందో చెప్పకుండా చెట్టును పొగిడితే ఆ పొగడ్త సగమే.

కృష్ణారావు తన ఆలోచనలను దాచుకోలేదు. 1991లో ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’ పేరుతో జాతీయ భద్రత మీద లావుపాటి పుస్తకం తెచ్చారు. సిద్ధపడు, లేదంటే నశించు అని దాని పేరుకు అర్థం. 2016 జనవరి 30న ఆయన పోయారు. ఆ పుస్తకం పేరైనా తెలిసిన తెలుగువాళ్లు ఎందరుంటారు?

గవర్నర్ పదవి ఇవ్వడం మన ప్రభుత్వాలు ఎంచుకున్న గౌరవాల్లో ఒకటి. మాజీ సైన్యాధిపతి శ్రీనగేశ్ కూడా హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపల్‌గా పనిచేసి, 1962 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు. కృష్ణారావు విషయంలో ఆ పదవి విశ్రాంతి కాలేదు. 1993 నుంచి 1998 దాకా ఆయన కశ్మీర్‌లో ఉన్న రోజులు హజ్రత్‌బల్, చరారె షరీఫ్ దర్గాల ముట్టడుల రోజులు. 1996లో అక్కడ తిరిగి శాసనసభ ఎన్నికలు జరిగింది కూడా ఆయన హయాంలోనే. రాజ్‌భవన్ ఇస్తే మనిషి అనుభవం కొన్నిచోట్ల వాడుకున్నట్టవుతుంది, నిజమే. వ్యూహరచనకు అది జవాబు మాత్రం కాదు.

బిరుదుల సంగతి చూస్తే, రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేస్తూనే సైనిక, విద్యా గౌరవాలను మినహాయించింది. కాబట్టి ఫీల్డ్ మార్షల్ హోదాకు ఇబ్బంది లేదు. మానెక్‌షా తర్వాత 1986లో కరియప్పకు ఇచ్చారు, 2002లో వైమానిక దళానికి చెందిన అర్జన్ సింగ్‌కు ఆ స్థాయి హోదా ఇచ్చారు. ఇద్దరికీ చాలా ఆలస్యంగా. మానెక్‌షాకు హోదా ఇచ్చినా దానికి తగ్గ జీతం బకాయి 2007 దాకా చేతికి అందలేదు. మరుసటి ఏడు ఊటీలో ఆయన అంత్యక్రియలకు కేంద్రం తరఫున వచ్చింది రక్షణ సహాయ మంత్రి, మన కాకినాడ పళ్లంరాజు. అంతకు పై స్థాయివారు రాలేదని దేశమంతా నొచ్చుకుంది. ఆ నొప్పి న్యాయమైనదే.

పద్మ పురస్కారాలు ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ సేవకులకు, వైద్యులు, శాస్త్రవేత్తలు మినహా, ఇవ్వకూడదన్నది ఇప్పటి నియమం. ఈ నియమం వెనక మంచి ఆలోచన ఉంది. కుర్చీలో ఉన్నవాడిని పాలకుడు పొగిడితే, రేపు పాలకుడికి నచ్చని మాట చెప్పాల్సిన నోరు మెత్తబడుతుంది. భద్రతా వ్యవహారాల మేధావి కె.సుబ్రహ్మణ్యం 1999లో పద్మభూషణ్‌ను కాదన్నది ఇలాంటి కారణంతోనే. అధికారులు, పాత్రికేయులు ప్రభుత్వ పురస్కారాలు తీసుకోకూడదన్నారు. ఆయన సైనికుడు కాకపోయినా ఆ మాట సైనిక వ్యూహకర్తకూ వర్తిస్తుందని నా నమ్మకం.

అదే ఏడాది కార్గిల్ యుద్ధం ముగిసిన కొద్దిరోజులకు ఆ సుబ్రహ్మణ్యం అధ్యక్షతనే సమీక్షా సంఘం ఏర్పడింది. అందులో సైన్యం నుంచి వచ్చినవారు లెఫ్టినెంట్ జనరల్ కె.కె.హజారీ. నివేదికను కొన్ని భాగాలు తీసేసి 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు, పుస్తకంగానూ వచ్చింది. ఇది గొప్ప విషయం. చదివారు కాబట్టి వాదించారు, వాదించారు కాబట్టి కొన్ని జరిగాయి. మంత్రుల బృందం 2001లో సిఫార్సులు ఇచ్చింది, త్రివిధ దళాల సమన్వయానికి కేంద్ర కార్యాలయం, అండమాన్ నికోబార్ ఉమ్మడి కమాండ్ అదే ఏడాది వచ్చాయి. ఆ బృందం సిఫార్సు చేసిన త్రిదళాధిపతి పదవి మాత్రం 2020 జనవరి 1న బిపిన్ రావత్‌తో గానీ మొదలు కాలేదు. రెండేళ్లు తిరక్కుండా కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి రావత్ చనిపోయారు. ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. దళాలను ఉమ్మడి కమాండ్ల కిందికి తేవాలన్న ఆయన ఆలోచన మీద దళాల మధ్యే గట్టి అభిప్రాయభేదాలు వచ్చాయి. అలా రావడం ఆయనకు అవమానం కాదు. ఒక వ్యూహకర్త ఆలోచనను తోటివారు అంత గట్టిగా పట్టించుకోవడం ఆయనకు దక్కిన మర్యాదే.

పొగడ్తకు ఒక హద్దు ఉండాలని కూడా చెప్పాలి. సుందర్జీనే తీసుకుందాం. మన అణు వ్యూహం గురించి 1981లోనే మౌ సైనిక కళాశాలలో అధికారుల చేత ఆలోచింపజేశారు, యాంత్రిక యుద్ధానికి కొత్త ఊపిరి పోశారు. 1986-87 నాటి ‘బ్రాస్‌టాక్స్’ విన్యాసాలు పాకిస్తాన్‌తో దాదాపు యుద్ధం అంచుకు తీసుకెళ్లాయి. 1987లో శ్రీలంకకు వెళ్లిన శాంతి సేన పోగొట్టుకున్న ప్రాణాల లెక్కలోనూ నాటి అంచనాల పొరపాటు ఉంది. ఆయన ఘనత చెప్పి ఇవి దాచిపెడితే రేపు ఆ కుర్చీలో కూర్చునే అధికారికి మనం పాఠం దాచినట్టే.

అమెరికా ఈ విషయంలో మనకంటే చాలా ముందుంది. రెండో ప్రపంచ యుద్ధాన్ని వాషింగ్టన్ బల్ల దగ్గర కూర్చుని నడిపిన జార్జి మార్షల్‌కు అయిదు నక్షత్రాల హోదా, 1953లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాయన్నది అందరికీ తెలిసిందే. నాకు అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి. యుద్ధం ముగిసిన ఆరేళ్లకే, 1951లో, ఆయన కింద ప్రణాళికలు గీసిన కార్యాలయం ఒక్కదాని పనితీరు మీదే అమెరికా సైన్యం అధికారిక చరిత్రలో పూర్తి సంపుటం వేసింది. ఏ అధికారి ఏ రోజు ఏం రాశాడో, ఎక్కడ పొరబడ్డాడో అందులో ఉంది.

మనదగ్గర 1962 ఓటమి మీద 1963లో వచ్చిన హెండర్సన్ బ్రూక్స్, భగత్ నివేదిక ఇప్పటికీ అధికారికంగా బయటికి రాలేదు. కొంత భాగాన్ని 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు బయటపెట్టాడు. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక కొత్త విధానం ఆమోదించింది. మామూలుగా పాతికేళ్లు దాటిన దస్త్రాలను నిపుణులు చూసి బయట పెట్టాలి, యుద్ధాల చరిత్ర అయిదేళ్లలో సిద్ధం చేయాలి అని అందులో ఉంది. ఆ విధానాన్ని రాసినవారికి చేతులెత్తి దండం పెడతాను. యుద్ధాల వరకే ఆగకుండా, శాంతికాలంలో రాసిన ప్రణాళికా నివేదికలకూ దాన్ని నిజంగా వర్తింపజేయాలి. పరమ విశిష్ట సేవా పతకంతో పాటు, రహస్యం కానంత మేర, ఆ అధికారి చేసిన పని గురించి ఒక్క పేరా ప్రశంసాపత్రమైనా ప్రచురించాలి. శౌర్య పతకాలకు రాస్తున్నప్పుడు దీనికి రాయలేకపోవడానికి కారణం నాకు కనబడదు.

కృష్ణారావు సంఘం నివేదిక పాతికేళ్ల ముందుచూపుతో రాసింది. దాని గడువు 2000లోనే తీరిపోయింది. అందులో చెప్పిన బండ్లు ముసలివై పోతున్నాయి. ఇప్పుడు దాన్ని చదివితే శత్రువుకు ఒరిగేదేమీ లేదు. సికిందరాబాదు సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. 1970లో మొదలైన ఆ సంస్థలో త్రివిధ దళాల కర్నల్ స్థాయి అధికారులు ఏటా పెద్ద బాధ్యతలకు సిద్ధమవుతూ చదువుకుంటారు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టా తీసుకుంటారు. వాళ్ల బల్ల మీద ఆ నివేదిక పెట్టండి. ఏది నిజమైంది, ఏది తప్పిపోయింది, దేనికి డబ్బు చాలలేదు అని వాళ్లను లెక్క తేల్చమనండి. సాయంత్రం బస్సెక్కి అదే నగరానికి అవతలి వైపు ఉన్న యెద్దుమైలారం వెళ్లి, షెడ్డులో నిలబెట్టిన సారథ్ బండి వెనక తలుపు తెరిచి చూడమనండి.